సాయంత్రం బస్సుకు పోతా

మొన్న చిత్తూరు నుంచి మా చిన్నాయన ఫోను చేశాడు. మా నాయనకు తమ్ముడు. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరైనవాడు కాబట్టి, ఎవరికి ఫోను చేసినా ముందు టైమెంతయిందో చెప్పి, ఆ తర్వాత సంగతి చెబుతాడు. ఆ రోజు టైము చెప్పలేదు.

“పీట దించి, కడిగి ఎండబెట్టినా రా,” అన్నాడు.

“ఏం పీట చిన్నాయనా?”

“ఏం పీటంటావేందిరా! ఆడి నెల వచ్చేసె. నా నచ్చత్రం దగ్గిరికొచ్చె. తలకు నూనె పెట్టేదెవురు?”

నోట్లో కాఫీ ఉంది. మింగేశాను. “చూద్దాంలే చిన్నాయనా” అన్నాను. “సూసేదేముండాది, నువ్వు రా” అని పెట్టేశాడు.

అప్పటినుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మిద్దెక్కాను, దిగాను. నీళ్ల మోటరు వేశాను, ట్యాంకు నిండే ఉందని ఆపాను. చెప్పులు తొడుక్కుని గేటుదాకా పోయి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి వచ్చాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, “ఏమి, మీ అత్త గాని పూనిందా?” అంది. నవ్వుతూనే అంది. కానీ ఆమె చేతిలో గరిటె కాసేపు అలాగే ఆగిపోయింది.

మా మేనత్త, అంటే మా నాయనకూ చిన్నాయనకూ పెద్దక్క, మనిషి రూపంలో ఉన్న బస్టాండు. ఎప్పుడు చూసినా ఎక్కడికో బయల్దేరుతున్నట్టే ఉండేది. కుర్చీలో కూర్చుంటే అంచున కూర్చునేది. కాఫీ నిలబడి తాగేది. చెప్పులు వాకిట్లో విడిచినా ఒక కాలు సగం దాంట్లోనే ఉండేది. పొడుగ్గా, సన్నగా, కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో పచ్చా పసుపూ కలిపి అల్లిన వైరు బుట్టతో ఆమె వీధి మలుపులో కనిపించిందంటే, ఆ ఇంట్లో ఎవరిదో పుట్టినరోజని వీధికంతా తెలిసిపోయేది. పోస్టుమ్యానుకు కూడా తెలియని అడ్రసులు ఆ బుట్టకు తెలుసు.

మా వాళ్లందరికీ రెండేసి పుట్టినరోజులు. ఒకటి తేదీది, రెండోది నక్షత్రానిది. “తేదీ ఇస్కూలోళ్లకు. నచ్చత్రం దేవుడికి,” అనేది అత్త. అందుకని తేదీ రోజు వచ్చి కేకు తినేది, నక్షత్రం రోజు వచ్చి తలకు నూనె పెట్టేది. కేకు మీద ఆమెకు గౌరవం లేదు గాని, పువ్వులాగా వేసిన క్రీము ముక్క మాత్రం ఎవరికీ వదిలేది కాదు. పుత్తూరు పక్కన పల్లెలో ఆమెకు చిన్న ఇల్లు ఉండేది. ఆ ఇంటి తలుపుకు ఎప్పుడూ తాళమే. ఒకసారి దొంగ వచ్చి, తాళం పగలగొట్టి, లోపల దుమ్ము చూసి, ఈ ఇంట్లో మనుషులే ఉండరనుకుని తాళం మళ్లీ వేసి పోయాడని నేను చెబుతుంటాను. మా వాళ్లు నమ్మరు. నేను అబద్ధాలకోరునని మాలో ఒక పేరుంది. అది తప్పు. నేను జరిగినదాన్ని కొంచెం సాగదీసి చెబుతాను, పరోటా పిండిని సాగదీసినట్టు. పిండి మాత్రం అసలుదే.

నూనె పెట్టడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. బుట్టలోంచి ఒక పాత టానిక్కు సీసా తీసేది. అందులో గానుగ నువ్వుల నూనె. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన గరిక తీసేది. గరికపోచలు నూనెలో ముంచి మోకాళ్లకూ, భుజాలకూ తాకించి, చివరికి తలమీద నూనె వేసి, బొటనవేలితో మాడు మీద వెతికేది. పసిబిడ్డలకు మాడు మెత్తగా ఉండి కొట్టుకుంటుంది గదా, అది వెతికినట్టు. ఉద్యోగాలు చేసే మొగవాళ్లకైనా, బట్టతలలకైనా అంతే. దొరికిందాకా వేలు తీసేది కాదు. దొరికాక చెప్పేది:

“కాలు కందకుండా, కడుపు కాలకుండా, కంట్లో నలక పడకుండా బతుకు. లెయ్ ఇంక, నా బస్సు పోతాది.”

ఆ చివరి మాట కూడా దీవెనలో భాగమే అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అది అనేదాకా పీట మీంచి లేవకూడదు. ఒకసారి మా తమ్ముడొకడు ముందే లేస్తే, మళ్లీ కూర్చోబెట్టి మొదటినుంచి పెట్టింది. ఆ రోజు నిజంగానే బస్సు పోయింది. వాణ్ణి వారం రోజులు తిట్టింది.

అందరి పుట్టినరోజులూ ఒకెత్తు, చిన్నాయనది ఒకెత్తు. ఆయన పుట్టిన కొన్నాళ్లకే మా అవ్వ పోయింది. అప్పటికి అత్త గౌన్లేసుకునే పిల్ల. పసివాణ్ణి చూసినవాళ్లంతా పెదవి విరిచారట. ఊరిపెద్ద ఒకాయన, “ఏడాది తిరిగి ఇదే నచ్చత్రానికి వీడు ఉండడమ్మా” అన్నాడట. అత్త ఏడాది పొడుగునా ఆ నక్షత్రం కోసం కాచుకుంది. ఆ రోజు తెల్లవారగానే తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని, తలనిండా నూనె పోసి, మాడు మీద వేలు పెట్టి కూర్చుంది. కొట్టుకుంటోంది. సాయంత్రందాకా కొట్టుకుంటూనే ఉంది. అంతే, ఆ నూనె వల్లే తమ్ముడు బతికాడని ఆమెకు రూఢి అయిపోయింది. తన చేత్తో నూనె పెడితే ఇంకో ఏడాది ఉంటాడు. పెట్టకపోతే ఉండడు. ఇందులో వాదన లేదు. ఆమె పెళ్లయి పోయినా, చిన్నాయనకు పెళ్లయినా, ఆయనకు మనవళ్లు పుట్టినా ఒక్క ఏడాది తప్పలేదు.

ఒక ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఆమె కాలు విరిగింది. పుత్తూరులో కట్టు కట్టి, వెదురు బద్దలు పెట్టి, కదలొద్దన్నారు. రెండో రోజుకు చిన్నాయన నక్షత్రం. చిత్తూరులో చిన్నాయన ఇంటిముందు బస్సు ఆగింది. బస్టాండులో కాదు, ఇంటిముందు. చివరి సీటు పొడవునా అత్త కాలు చాపుకుని ఉంది, మహారాణి మాదిరి. డ్రైవరూ కండక్టరూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చి దించారు. నూనె పెట్టేదాకా బస్సు ఆగింది. బస్సులోవాళ్లంతా దిగి పాయసం తాగారు. కండక్టరుది కూడా ఆ నెలే పుట్టినరోజని తెలిసి వాడి తలకూ ఒక చుక్క పెట్టింది. ఇందులో పాయసం సంగతి నేను సాగదీసింది. మిగతాది చిన్నమ్మను అడగండి.

ఇంత తిరిగే మనిషిని ఆ కరోనా ఏడాది మా ఇంట్లో కట్టిపడేసింది.

మా అమ్మాయి నక్షత్రానికని అత్త తిరుపతిలో మా ఇంటికి వచ్చింది. పొద్దున నూనె పెట్టింది, మధ్యాహ్నం తిన్నది, బుట్ట సర్దుకుంది. “సాయంత్రం బస్సుకు పోతా” అంది. ఆ సాయంత్రం బస్సు లేదు. మర్నాడు లేదు. దేశమంతా మూసేశారని టీవీలో చెబుతుంటే ఆమె టీవీ వైపు చేయి చూపి, “వీడికేం తెల్సు, ఈడ కొండకు పోయే బస్సులు ఎవురాపుతారు?” అంది. మిద్దె మీదికి తీసుకుపోయి చూపించాను. ఘాట్‌రోడ్డు మీద ఒక్క చుక్కంత బస్సు కూడా కదలడం లేదు. కొండా, రోడ్డూ ఉన్నాయి గాని, ఎక్కేవాళ్లు లేరు. అత్త చాలాసేపు చూసి, “సోమికి గూడా బోరు కొడతాంటాది పాపం,” అంది.

అప్పటినుంచి ప్రతి పొద్దునా ఒకటే వరస. స్నానం చేసేది, తల దువ్వుకునేది, చీర మార్చుకునేది. ఉన్నవే రెండు చీరలు, మా ఆవిడ ఇచ్చినవి కట్టుకునేది కాదు. బుట్ట సర్దుకుని, వరండాలో మెట్టు మీద కూర్చునేది. ఒక కాలు చెప్పులో సగం.

“ఏం పెద్దమ్మా, యాడికి?” అనేది మా ఆవిడ.

“సాయంత్రం బస్సుకు పోతా.”

“బస్సులు లేవంట పెద్దమ్మా. కూర్చో.”

“కూసునే ఉండా గదమ్మే!”

మధ్యాహ్నానికి బుట్ట విప్పేది. మర్నాడు మళ్లీ సర్దేది. ఆమెను చూసి మేమూ అలాగే తయారయ్యాం. నేను రోజుకు నాలుగైదుసార్లు బైకు తుడిచేవాణ్ణి. మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో కూర్చుని కాళ్లూపుతుంటే బల్ల మీద కంప్యూటరు ఊగేది. ఇంటిల్లిపాదీ ఆగిన బస్సులో కూర్చున్నట్టుండేది. ఇంజను ఆడుతూనే ఉంది, బండి కదలదు.

ఇంతలో సత్యవేడులో అత్త మనవరాలి పుట్టినరోజు వచ్చింది. కూతురి బిడ్డ. మా ఆవిడ ఫోనులో వీడియో కాల్ పెట్టింది. పాప కనిపించగానే అత్త ముఖం వెలిగింది. బుట్టలోంచి సీసా తీసింది. నేను చూస్తూనే ఉన్నాను గాని, ఏం చేయబోతోందో తట్టలేదు. గరిక ముంచి, ఫోనులో పాప మోకాళ్లు ఎక్కడుంటాయో అక్కడ తాకించి, భుజాలకు తాకించి, మేం అయ్యయ్యో అనేలోపు తల మీద పోసేసింది. బొటనవేలితో రుద్దింది కూడా. తెర మీద పాప పోయి, మాకెవరికీ తెలియని ఏదో సెట్టింగులు వచ్చాయి.

“ఏందిది, బిడ్డ యాడికి పోయె?” అంది అత్త.

“నూనెకు జారిపోయింది,” అన్నాను.

ఆ ఫోనులోంచి ఆ తర్వాత ఎవరు మాట్లాడినా బావిలోంచి మాట్లాడినట్టే వినిపించేది. దానికి మా ఆవిడ బాధపడుతుంటే, అత్త బాధ ఇంకొకటి. వేలికి మాడు తగల్లేదు. అద్దం తగిలింది. “చల్లంగా ఉండాది రా,” అంటూ ఆ వేలిని రోజంతా చీర చెంగుతో తుడుచుకుంటూ తిరిగింది.

మర్నాడు పొద్దున నన్ను పిలిచింది. “అబ్బోడా, వచ్చి ఈడ కూసో.”

“ఎందుకత్తా?”

“ఆ బిడ్డకు బదులు.”

అలా మొదలైంది. మనిషి లేకపోతే బదులు మనిషి. దీనికి శాస్త్రముందా అని అడిగాను. “నేనే శాస్త్రం, కూసో” అంది. ఇక ఆ వేసవంతా మా వాళ్లలో ఎవరి నక్షత్రం వచ్చినా పీట మీద నేనే. దానికో నియమం కూడా పెట్టింది. ఎవరి బదులు కూర్చుంటే వాళ్లలాగే ఉండాలి. సత్యవేడు మనవరాలి బదులు కూర్చున్న రోజు నా చెంపకు దిష్టిచుక్క పెట్టింది, ఉన్న నాలుగు వెంట్రుకలకు మల్లెపూల ముక్క గుచ్చింది. ఆ పాప వంకాయ తినదు గనక నాకు వంకాయ లేదు. సరిగ్గా అప్పుడే ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే ఆశా కార్యకర్త తలుపు కొట్టింది. నేను వెళ్లి తీశాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

“సార్, ఇంట్లో ఎవురికైనా లక్షణాలు ఉండాయా?”

“లేవమ్మా.”

“మీకు?”

మదనపల్లె బావకు, అంటే మా అక్క మొగుడికి, సుగరు. ఆయన నక్షత్రం రోజు ఇల్లంతా పాయసం తాగింది, నాకు మాత్రం రాగి జావ. “నేను ఆయన్ని కాదత్తా, నాకు సుగరు లేదత్తా” అని మొత్తుకున్నాను. “ఆయనా ఇట్నే అబద్దం చెప్తాడు,” అంది. నాకు అందరి గొంతులూ తీయడం వచ్చు. బావ గొంతులో, “ఒక్క చెంచా పెద్దమ్మా” అన్నాను. అచ్చం ఆయన్ను కొట్టినట్టే చేతి మీద కొట్టింది. చెప్పకూడదు గాని, అన్ని తలల నూనె ఒక్క తలకే పోసేసరికి నా బట్టతల మీద పొద్దుతిరుగుడు పువ్వుల్లాంటి మొలకలు వచ్చాయి. ఇప్పుడు లేవు. నూనె ఆపగానే రాలిపోయాయి.

తర్వాత బస్సులు మొదలుపెట్టారు. అత్త అందరికంటే ముందు బస్టాండులో ఉంది. పెద్ద వయసువాళ్లను ఎక్కించుకోకూడదన్నాడు కండక్టరు.

“నాకెంత వయసనుకున్నావప్పా? యాభై. ఎండలో తిరిగి ఇట్లయినా.”

“ఆధారు చూపించవ్వా.”

“ఆదారం లేకనే గదప్పా నేనిట్లుండేది!”

క్యూలో ఉన్నవాళ్లంతా నవ్వారు గాని, కండక్టరు నవ్వలేదు. ఆమెను వెనక్కి తీసుకొచ్చాను. ఆ తర్వాత మా ఊళ్లో జబ్బు ఎక్కువై మళ్లీ మూసేశారు. వీధి చివర కర్రలు అడ్డంగా కట్టారు. ఆడి నెల వచ్చింది. అప్పుడే చిత్తూరు నుంచి చిన్నమ్మ ఫోను. చిన్నాయనకు జ్వరమట, ఆయాసమట. ఆసుపత్రిలో చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారట. ఆమెను కూడా లోపలికి రానివ్వడం లేదట.

బావిలోంచి వచ్చినట్టున్న ఆ గొంతును అత్త నిలబడి విన్నది. ఏడవలేదు. గోడ క్యాలెండరు దగ్గరికి పోయి, చూపుడువేలితో నక్షత్రం వెతుక్కుంది. వెతికిన చోటే వేలుంచి, “నేను పోవల్ల” అంది.

“ఎట్లా పోతావత్తా?”

“బస్సులో.”

మర్నాడు తెల్లారేసరికి మెట్టు మీద అత్త లేదు. కర్రల దగ్గర పోలీసు ఆపాడు. కూరగాయలకంది. వెనక్కి పంపాడు. కాసేపటికి మళ్లీ పోయింది, మందులకంది. చీటీ ఏదన్నాడు. మూడోసారి, “కొండకు పోతాండా నాయనా, మొక్కుండాది” అంది. “కొండే మూసుంటే యాడికి పోతావవ్వా?” అన్నాడట. “అయితే తెరిచేదాకా కిందే కూసోనుంటా, నీకేం?” అందట. నేను పోయి చేయి పట్టుకుని తీసుకొస్తుంటే దారి పొడుగునా ఆ చేయి లాక్కుంటూనే ఉంది.

“అత్తా, పోయినా లోపలికి రానీరు. చిన్నమ్మనే రానీలేదు.”

“రానీకపోతే గోడకు పెట్టి వస్తా. వాడు పండుకోని ఉండే గోడ ఏదో చెప్పమను. బయటినుంచి పెట్టి వస్తా.”

నేను ఆ చేయి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

నక్షత్రానికి ముందురోజు మధ్యాహ్నం మళ్లీ కనిపించలేదు. వీధులన్నీ తిరిగాను, మిద్దెలెక్కి కేకలేశాను. చివరికి చంద్రగిరి పోలీసుల నుంచి ఫోను వచ్చింది. మదనపల్లె నుంచి తక్కాళి, అదే టమాటా, తెచ్చి దించి, ఖాళీగా పోతున్న టెంపో ఒకటి. డ్రైవరు టీ కోసం ఆపితే, వెనక తట్టల మధ్య ఎక్కి కూర్చుందట. చంద్రగిరి దగ్గర తనిఖీలో తట్టలు తీస్తే అత్త. ఒడిలో వైరు బుట్ట, చీరంతా టమాటా మరకలు. నేను పోయేసరికి చెక్‌పోస్టు దగ్గర కుర్చీ అంచున కూర్చుని, చిత్తూరు రోడ్డు వైపే చూస్తోంది.

“ఈమెను ఇంట్లో కట్టేసుకోండి సార్,” అన్నాడు కానిస్టేబులు. “లేకపోతే రేపు టెంపో తనే నడుపుకుంటా వస్తాది.”

“ఈ మనిషి ఒక్క మాట చెప్తే వదుల్తారంట అబ్బోడా,” అంది అత్త పక్కనున్న ఎస్సైని చూపించి. “నువ్వు చెప్పు. నీకు మాటలు బాగా వస్తాయి గదా.”

చెప్పాను. నాకు తెలిసిన కథలన్నీ చెప్పాను. తమ్ముడి మాడు సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. “ఆ వార్డులోకి నన్ను గూడా రానీరు సార్,” అన్నాడు చివరికి. “పిల్చుకోని పోండి.”

బైకు మీద వెనక కూర్చుంది. తిరుపతి దారిలో ఒక్కసారి నా వీపు మీద వేలు పెట్టి నొక్కింది. నన్ను ఆపమని అనుకుని ఆపాను. ఆపమని కాదు. మాడు మీద వెతికినట్టు ఏదో వెతుక్కుంటోంది.

మర్నాడు పొద్దున పీట వేసింది. “కూసోరా” అంది. ఎవరి బదులో నేను అడగలేదు.

ఆ రోజు పూలు లేవు, చుక్కలు లేవు. గరిక తాకించింది. తల మీద నూనె వేసింది. నేను ఎప్పటిలాగే కూర్చున్నాను. ఆమె ఆగిపోయింది.

“వాడు ఊపిరాడక ఉండాడు రా,” అంది. “నువ్వు అంత సులువుగా పీల్చొద్దు.”

నేను ఊపిరి పట్టాను. కొంచెం కొంచెంగా, అడుక్కున్నట్టు పీల్చాను. వరండా గుమ్మంలో మా ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అత్త వేలు నా మాడు మీద వెతుకుతూనే ఉంది. నా తలలో దొరకడం లేదు, ఇంకా లోపలికి, ఇంకా దూరంగా వెతుకుతున్నట్టుంది. నాకు భయమేసింది. చిన్నాయన గొంతు నాకు బాగా వచ్చు. ఎందుకన్నానో తెలియదు.

“అక్కా, టైమెంతయింది? ఆకిలేస్తాండాది.”

వేలు ఆగింది. దొరికింది.

“ఉంటాడు,” అంది. నాతో కాదు. “కాలు కందకుండా, కడుపు కాలకుండా, కంట్లో నలక పడకుండా బతుకు.”

నేను కాచుకున్నాను. తర్వాతి మాట రాలేదు. తలెత్తి చూస్తే, అత్త పీట పక్కన నేల మీద కూర్చుని ఉంది. పూర్తిగా, రెండు కాళ్లూ చాపుకుని, గోడకు ఆనుకుని. అలా కూర్చోగా ఆమెను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నేను ఎంతసేపటికి లేచానో నాకు గుర్తు లేదు. లెమ్మని ఎవరూ అనలేదు.

చిన్నాయన బతికాడు. నూనె వల్లనా, ఆక్సిజన్ వల్లనా అని ఇప్పటికీ ఎవరైనా నన్ను అడిగితే, ఆ పొద్దు ఆయన బదులు ఊపిరి నేనే పీల్చానని చెబుతాను. ఇంటికొచ్చి మొదట చేసిన ఫోను అక్కకే. “టైము పదకొండయింది,” అని మొదలుపెట్టి, “నా నూనె ఆ బట్టతలోడి నెత్తిన పోసినావంట గదక్కా!” అన్నాడు. అత్త అంతసేపూ ఫోను పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వెళ్లి బుట్ట సర్దుకుంది. బస్సులు సరిగ్గా తిరగడం మొదలయ్యాక ఇక ఒక్క రోజు మా ఇంట్లో లేదు. వీధి చివర మలుపు తిరిగేటప్పుడు చేయి కూడా ఊపలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు పాతలాగే తిరిగింది. పోయిన ఏడాది తన పల్లెలో, ఒక మధ్యాహ్నం పోయింది. సత్యవేడులో పెద్ద మనవరాలికి పుట్టిన మునిమనవడికి మొదటి నక్షత్రం. బుట్ట సర్దుకుని, తలుపుకు తాళం వేసి, మెట్టు మీద కూర్చుని ఉందట. ఒక కాలు చెప్పులో సగం. బస్సు హారను కొట్టినా లేవకపోతే, డ్రైవరే దిగి వచ్చాడట. ఇందులో నేను సాగదీసింది ఏమీ లేదు.

ఆ బుట్ట చిన్నాయన ఇంటికి చేరింది. అందులో సీసా ఉంది, సీసాలో సగం నూనె ఉంది.

ఈ ఆడి నెలలో నేను చిత్తూరు పోయేసరికి వాకిట్లో పీట వేసి ఉంది. చిన్నాయన పంచె కట్టుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు. పక్కన వైరు బుట్ట.

“టైము తొమ్మిదిన్నర. ఆలిస్యంగా వస్తివి,” అన్నాడు.

“నేను చిన్నోణ్ణి చిన్నాయనా. నూనె పెద్దవాళ్లు గదా పెట్టాల్సింది.”

“పెద్దోళ్లు ఇంకెవురుండారురా నాకు? నేనే పెద్దోణ్ణి.” బుట్ట నా వైపు జరిపాడు. “ఆ పొద్దు నాకు బదులు నువ్వు కూసుంటివి గదా. ఈ పొద్దు అక్కకు బదులు నిలబడు. నువ్వు తీయని గొంతా?”

చిన్నమ్మ గుమ్మంలో నిలబడి, “సెయ్యి నాయనా. తెల్లార్నుంచి నీళ్లు గూడా తాగలే ఈ మనిషి,” అంది.

చెప్పులు విడిచాను. ఒక కాలు మళ్లీ సగం దూర్చాను. పంచె కుచ్చిళ్లు పైకి దోపుకున్నాను. చిన్నమ్మకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. అత్తలాగే గరికను ఎత్తి చూసి, “ఇది గరికంటారా, బర్రె వదిలేసిన గడ్డి అంటారా?” అన్నాను. చిన్నాయన కళ్లు మూసుకునే నవ్వాడు. మోకాళ్లకు తాకించాను. భుజాలకు తాకించాను. సీసా వంచాను. నూనె వాసన వచ్చింది. వాకిలంతా ఆమె వచ్చి నిలబడ్డట్టయింది.

బొటనవేలు ఆ తల మీద పెట్టాను. ఎక్కడని వెతకను? ఊరికే నాటకానికి తిప్పాను. తిప్పుతుంటే ఒక చోట చిన్న పల్లం తగిలింది. ఇన్నేళ్లు అత్త వేలు ఆగి ఆగి పడిందో, ఏమో. నా వేలు అక్కడ ఆగిపోయింది. కింద కొట్టుకుంటోంది.

“అక్కా,” అన్నాడు చిన్నాయన, చాలా చిన్నగా.

“కాలు కందకుండా,” అన్నాను. గొంతు నేను తీయలేదు, అదే వచ్చింది. “కడుపు కాలకుండా, కంట్లో నలక పడకుండా బతుకు.”

ఆయన కదల్లేదు. కళ్లు మూసుకుని కాచుకుని ఉన్నాడు. చివరి మాట అయితే గాని లేవకూడదు. ఆ మాట నాకు తెలుసు. నోటిదాకా వచ్చి నిలబడింది. అది అంటే ఆమె బుట్ట పట్టుకుని వీధి మలుపు తిరిగిపోతుంది. అనకపోతే ఆయన నూనె పూర్తి కాదు. నా కాలు ఆ సగం చెప్పులో అటూ ఇటూ కదులుతూనే ఉంది.

“లెయ్ ఇంక,” అన్నాను. “నా బస్సు పోతాది.”

చిన్నాయన లేవలేదు. కళ్లు తెరవకుండానే చేయి పైకెత్తి, తడుముకుని, నూనె జిడ్డుతో ఉన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“యాడికక్కా?” అన్నాడు. “బస్సులు లేవంట. కూసో.”